స్టేషనుకి పంపే బండి

మా చిన్నతనంలో మా యింటి కారుకి వున్న అసలు వుద్యోగం ఒకటే. తెనాలి స్టేషనుకి వెళ్ళి చుట్టాల్ని తీసుకురావడం! నాన్నగారు కోర్టుకి నడిచే వెళ్ళేవారు. అమ్మ కారెక్కేది పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ మాత్రమే. మిగతా రోజుల్లో ఆ అంబాసిడర్ పందిరికింద దుప్పటి కప్పుకుని నిద్రపోతూ వుండేది. "బండి వచ్చే వేళయింది, కారు పంపించండి" అని అమ్మ వంటింట్లోంచి కేకేసిందంటే మద్రాసునుంచి పెద్దత్తయ్యో, బెజవాడనుంచి బాబాయి పిల్లలో దిగుతున్నారన్నమాట. వచ్చేటప్పుడు వెనక సీట్లో ఆరుగురు, డిక్కీలో పరుపు చుట్టలూ, ఆవకాయ జాడీలూ, పనసకాయా. ఒకసారి కుట్టుమిషను కూడా వచ్చింది, కాళ్ళు బయటికి చాపుకుని.

2006లో నాన్నగారు దాన్ని పాత యినుప సామాను కొనేవాడికి తూకానికి యిచ్చేశారు. అప్పటికి నాకు పెళ్ళయి యిద్దరు పిల్లలు. ఫోనులో ఆ కబురు విని "పోన్లెండి, స్థలం కలిసొచ్చింది" అన్నాను. చెప్పొద్దూ, నాకు కాస్తయినా బాధనిపించలేదు. ఆ బాధ పదిహేడేళ్ళు ఆలస్యంగా, అదీ సప్తసముద్రాల అవతల, ఎవరిదో పెరట్లో వచ్చింది. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను.

మా అక్కయ్యా బావగారూ మిషిగన్ రాష్ట్రంలో వుంటారు. కార్లకి పుట్టిల్లు లాంటి డెట్రాయిట్ నగరానికి వాళ్ళ యిల్లు ఎంతో దూరం కాదు. 2023 వేసవిలో నేను వెళ్ళినప్పుడు, చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాళ్ళనీ తీసుకెళ్ళినట్టే నన్నూ డియర్‌బార్న్‌లో వున్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్ళారు. మ్యూజియాలంటే నాకు కాళ్ళనొప్పులు గుర్తొస్తాయి. కానీ అక్కడొక కారుముందు కాళ్ళ సంగతే మర్చిపోయాను. దాని పేరు బుగాటి రాయల్. పొడవు 21 అడుగుల దాకా వుంటుంది. మన మధ్యతరగతి యిళ్ళలో హాలుకూడా అంత వుండదు! రాజులకీ మహారాజులకీ అమ్ముదామని ఫ్రాన్సులో ఎట్టోరె బుగాటి అనే ఆయన తయారుచేయించాడు. తీరా ప్రపంచమంతా డబ్బుకి కటకటలాడే రోజులొచ్చిపడ్డాయి. ఒక్క రాజూ కొనలేదు. ఆరు కార్లతో ఆగిపోయింది.

డియర్‌బార్న్‌లోది 1931 నాటిది. ఒక జర్మన్ డాక్టరు కొనుక్కున్నాడు. ఆయనతోపాటు షాంఘై వెళ్ళి, అక్కణ్ణుంచి న్యూయార్కు చేరింది. అక్కడి చలికి ఇంజనులో నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలింది. అంతటి రాచబండీ ఆఖరికి పాత సామాన్ల దొడ్డిలో పడింది! జనరల్ మోటార్స్‌లో పెద్ద ఇంజనీరైన చార్లెస్ చేన్ 1940లలో దాన్ని అక్కణ్ణుంచి కొని, బాగుచేయించి, తర్వాత భార్యతో కలిసి ఈ మ్యూజియానికి యిచ్చాడు.

ఈ రాయల్ కార్లు మరి రెండు ఫ్రాన్సులోనే మ్యులూజ్ అనే వూళ్ళో వున్నాయి. వాటి కథ యింకా విచిత్రం. హాన్స్, ఫ్రిట్జ్ ష్లూంఫ్ అని యిద్దరన్నదమ్ములు. ఉన్ని మిల్లులకి యజమానులు. ఇద్దరికీ తల్లంటే ప్రాణం. తమ్ముడు ఫ్రిట్జ్‌కి తల్లి తర్వాత అంతటి ప్రేమ బుగాటి కార్లమీద. 1960లలో కనిపించిన ప్రతి పాత బుగాటీ కొనడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఒకాయన దగ్గర ముప్ఫై బుగాటీలుంటే, 1964లో ముప్ఫైకి ముప్ఫైా బేరమాడి రైలుమీదా ఓడమీదా తెప్పించుకున్నాడు. మూతపడ్డ ఒక మిల్లులో, లోకానికి తెలియకుండా పనివాళ్ళని పెట్టి, నాలుగువందల పైచిలుకు కార్లు బాగుచేయించి వరసలుగా నిలబెట్టాడు. పారిస్‌లో ఒక అందమైన వంతెనమీది దీపస్తంభాలకి నకళ్ళు పోయించి, వందలకొద్దీ ఆ వరసల మధ్య నాటించాడు. అదంతా తల్లి పేర అంకితం! చూడ్డానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదు.

ఇంతలో ఉన్ని వ్యాపారం దెబ్బతింది. మిల్లులు మూతపడే స్థితికొచ్చి, 1976లో కార్మికులు తిరగబడితే అన్నదమ్ములిద్దరూ సరిహద్దు దాటి స్విట్జర్లాండు వెళ్ళిపోయారు. 1977 మార్చిలో కార్మికులు ఆ మూసివున్న మిల్లు తలుపులు తీయించుకుని లోపలికి వెళ్ళారు. ఒక్కసారి ఆ దృశ్యం వూహించుకోండి. "కంపెనీ దగ్గర డబ్బు లేదు" అని విని విని వున్న మనుషులు. కళ్ళముందు వరసగా దీపాలూ, వాటి కింద తళతళలాడే నాలుగువందల కార్లూ! రెండేళ్ళపాటు ఆ మ్యూజియాన్ని కార్మికులే తెరిచి నడిపారు. ఆ మర్నాటినుంచే కార్లు ఒక్కొక్కటిగా విదేశాలకి తరలిపోకుండా ప్రభుత్వం 1978లో వాటిని చారిత్రక సంపదగా ప్రకటించింది. 1982నుంచి అది జాతీయ మ్యూజియం. ఫ్రిట్జ్ తన కార్లకి దూరంగానే వుండి 1992లో పోయాడు. ఆయనమీద జాలిపడాలో కోపం తెచ్చుకోవాలో నాకిప్పటికీ తేలలేదు. మా బావగారు మాత్రం "జాలేమిటమ్మా, జీతాలెగ్గొట్టి!" అన్నారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు మిల్లు గుమాస్తా లెండి.

రాచబండ్ల సంగతి మనకి కొత్తేమీ కాదు. హైదరాబాదులో చౌమహల్లా పాలెస్‌కి వెళితే పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ వుంటుంది. ఆరో నిజాం ఆర్డరిస్తే, 1912లో ఏడో నిజాం నాటికి వచ్చింది. లోపల సింహాసనంలాంటి ఆసనం. ఊరేగింపుల బండి కనక అది తిరిగిన దూరం ఎంతో లేదు. వాడలేదు గనకే వందేళ్ళు దాటినా పెళ్ళికూతురులా వుంది.

డియర్‌బార్న్ మ్యూజియంలో అందుకు పూర్తిగా విరుద్ధమైన వాహనం కూడా ఒకటుంది. పసుపూ ఆకుపచ్చా రంగుల సిటీబస్సు. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో కుట్టుపని చేసుకునే రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ, తెల్లవాడికోసం సీటు ఖాళీ చెయ్యనని కూర్చున్న బస్సు! 1970లలో ఆ బస్సుని ఎవరో కొని పొలంలో పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి అందులో కర్రలూ పనిముట్లూ దాచుకున్నారు. 2001లో వేలానికొస్తే మ్యూజియం వాళ్ళు 4,92,000 డాలర్లు పోసి కొన్నారు. అందులో కూర్చోనిస్తారు. నేనూ అక్కయ్యా చెరో సీటూ పట్టుకుని కాసేపు మాటాడకుండా కూర్చున్నాం. మాటాడకుండా మేమిద్దరం ఒకచోట కూర్చోవడం మా పుట్టింటివాళ్ళెవరూ నమ్మరు!

ఆ సాయంత్రం అక్కయ్య వాళ్ళ పక్కింటి పెద్దాయన కంచె దగ్గర కనిపిస్తే ఈ విశేషాలన్నీ ఏకరువు పెట్టాను. ఎనభయ్యొక్కేళ్ళ మనిషి. స్కూలు బస్సులు మరమ్మతు చేసే పనిలో రిటైరయ్యాడు. అక్కయ్య పిల్లలు ఆయన్ని "తాతగారూ" అనే పిలుస్తారు. ఆ మాట ఆయనకిప్పుడు పేరైపోయింది. అంతా విని, "బావుందమ్మా. పిల్లల్ని బడికి దింపిన కారేదైనా చూశావా?" అన్నాడు. నేను బిక్కమొహం వేశాను. వుందో లేదో, నా కళ్ళు అలాటిదాన్ని వెతకనైనా లేదు. ఆయన నవ్వి, "అయితే రా" అని వెనకవున్న షెడ్డు తలుపు లాగాడు.

లోపల ఏడు స్టేషన్ వేగన్లున్నాయి.

స్టేషన్ వేగన్ అంటే మరేం లేదు. మామూలు కారుకి డిక్కీ వుండేచోట కప్పుని చివరిదాకా పొడిగించి, అద్దాలు పెట్టి, వెనక తలుపు పెడితే అదే. కానీ ఆ పేరుందే, అది నన్నక్కడే ఆపేసింది. స్టేషన్ అంటే మనకి తెలిసిన రైలు స్టేషనే! గుర్రబ్బళ్ళు పోయి కార్లొచ్చిన కొత్తల్లో, రైలు దిగినవాళ్ళని పెట్టెబేడాతో సహా హోటళ్ళకీ యిళ్ళకీ చేర్చడానికి పెద్ద బండి కావలసివచ్చింది. ఫోర్డ్ వాళ్ళ టీ మోడల్ చట్రం కొని, వూళ్ళో వడ్రంగిచేత దానిమీద కర్రతో పెద్ద పెట్టె కట్టించుకునేవారు. దాన్ని 'డిపో హాక్' అనేవారు. డిపో అంటే స్టేషను. హాక్ అంటే అద్దె గుర్రబ్బండి. తెనాలి స్టేషను బయట మా బామ్మ ఎక్కిన జట్కాకీ దానికీ తేడా గుర్రమొక్కటే. కంపెనీయే తయారుచేసి అమ్మడం 1923లో స్టార్ అనే కారుతో మొదలైంది. 1929లో ఫోర్డ్ ఆ పని పెద్ద యెత్తున చేపట్టాడు. మొదట్లో దీన్ని కారుగా కూడా లెక్కెయ్యలేదుట. సరుకుబండ్ల జాబితాలో వేశారు.

తాతగారి మొదటి వేగన్ 1947 నాటి ఫోర్డ్. పదహారేళ్ళప్పుడు ఒక రైతు దగ్గర కొన్నాడు. అప్పటికి ఆ రైతు అందులో కోళ్ళని పెంచుతున్నాడు! పక్కలూ తలుపులూ అన్నీ నిజం కర్రే. మన పాత యిళ్ళలో టేకు బీరువాలా నిగనిగలాడుతోంది. ఆ కర్ర ఇదే మిషిగన్‌కి ఉత్తరాన ఐరన్ మౌంటెన్ అనే వూరినుంచి వచ్చింది. పేరు ఇనుపకొండ, చేసింది కర్రపని! అక్కడ ఫోర్డ్‌కి సొంత అడవులుండేవి. మేపుల్, బర్చ్ చెట్లు కొట్టి, కోసి, ఆరబెట్టి, అక్కడే వేగన్ల ఒళ్ళు తయారుచేసేవారు. రెండో ప్రపంచయుద్ధంలో అదే కార్ఖానాలో అవే చేతులు సైన్యానికి నాలుగువేలకి పైగా గ్లైడర్లు చేసిపెట్టాయి. ఇంజనులేని కర్ర విమానాలవి.

ఇందులో మన వంటింటికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. కోతలో మిగిలే చెక్కముక్కలూ రంపంపొట్టూ గుట్టలుగా పడుతుంటే ఫోర్డ్ చూడలేకపోయాడు. మన అత్తగార్లలా పారెయ్యడమంటే కిట్టని మనిషి. వాటిని కాల్చి, అచ్చుల్లో నొక్కి, బొగ్గు బిళ్ళలు చేయించి, కార్లమ్మే దుకాణాల్లోనే అమ్మించాడు! అక్కడి వ్యవహారాలు చూసినాయన ఫోర్డ్ మేనత్త కూతురో పినతల్లి కూతురో, మొత్తానికి ఒక కజిన్ భర్త. ఇంటిపేరు కింగ్స్‌ఫర్డ్. తర్వాత బొగ్గుకి ఆ పేరే స్థిరపడింది. అక్కయ్య పెరట్లో మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే సంచీమీద చూద్దును కదా, అదే పేరు!

కర్ర కారుని వుంచుకోవడం మాటలు కాదు. వానాకాలం మన తలుపులు వుబ్బి మూతపడనట్టే దాని తలుపులూ వుబ్బుతాయి. ఎండల్లో బిగువు తగ్గి కిర్రుమంటాయి. ఏటా గరుకు కాగితంతో రుద్ది వార్నీషు పూయాలి. తాతగారు కొబ్బరికాయ చూసినట్టు వేళ్ళతో కొట్టి, చప్పుడునిబట్టి కింద ఎక్కడ పుచ్చిందో చెబుతాడు. అరవయ్యేళ్ళపైగా ఏటా వార్నీషు పూస్తూనే వున్నాడు. "నాకు అట్లతద్ది నోములా వుందే" అంది అక్కయ్య నా చెవిలో.

ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? అందుకే 1946లో విల్లీస్ జీపు కంపెనీ పూర్తిగా రేకుతో వేగన్ తెచ్చింది. కారు ఒళ్ళు చేసే కార్ఖానాలకి తీరిక లేకపోతే, ఇంటి సామాన్లు నొక్కే యంత్రాలమీద చెయ్యడానికి వీలుగా బ్రూక్స్ స్టీవెన్స్ దాని ఆకారం గీశాడు. మన ఫ్రిజ్జులకి అక్క వరస అన్నమాట! 1949లో ప్లిమత్ కూడా రేకు వేగన్ తెచ్చింది. అమెరికాలో నిజం కర్రతో చేసిన ఆఖరి వేగన్ 1953 నాటి బ్యూక్. ఆ తర్వాతంతా రేకుమీద కర్రబొమ్మ కాగితం అతికించడమే. కర్ర పోయినా కర్రమీద మోజు పోలేదు! కాలిఫోర్నియాలో అలలమీద ఆడే కుర్రాళ్ళు పాత కర్రబండ్లని కారుచవగ్గా కొని పలకలు మోసుకు తిరిగారు కనక, అంతో యింతో కొన్ని మిగిలాయి.

రేకు వేగన్ల అదృష్టం అదికూడా కాదు. యుద్ధం తర్వాత వూరి చివర్ల కొత్త యిళ్ళు వెలిశాయి. ఇంటినిండా పిల్లలు. బడీ బజారూ అన్నీ దూరం. భర్త వుద్యోగానికి వెళితే రోజంతా ఆ వేగన్ నడిపింది ఇల్లాలే. నలుగురు పిల్లలూ, కుక్కా, వారానికి సరిపడా కూరలూ, బడిలో నాటకానికి కుర్చీలూ. ఆ కారులో ఏం కావాలో ఆవిణ్ణి అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ అనే డిజైన్ల అధిపతి 1950లలో కొంతమంది యువతుల్ని తీసుకున్నాడు. పత్రికలకోసం వాళ్ళకి 'డామ్‌జెల్స్' అని పేరు పెట్టారు. చిన్నది, సుకుమారి అన్నలాంటి మాట. చదువుకుని వచ్చినవాళ్ళు, ఒళ్ళుమండిపోయేదిట. 1958లో వాళ్ళు చేసిన కార్లతోనే ఒక ప్రదర్శన పెట్టారు. అందులో పెగీ సావర్ అనే ఆమె పిల్లల తల్లిని దృష్టిలో పెట్టుకుని ఓల్డ్స్‌మొబీల్ వేగన్ ఒకటి తీర్చిదిద్దింది. ఆ ఏడాది చివరే ఎర్ల్ రిటైరయ్యాడు. తర్వాత వచ్చిన బిల్ మిచెల్‌కి ఆడవాళ్ళు ఆ గదిలో వుండటం రుచించలేదు. చాలామంది వెళ్ళిపోయారు.

షెడ్డులో నాకు బాగా నచ్చింది షెవ్రొలే నోమాడ్. రెండే తలుపులు, వయ్యారంగా వంగిన కప్పు. "అందరూ అదే అంటారు" అన్నాడు తాతగారు. 1955నుంచి 57దాకా చేశారు. ఏడాదికి పదివేలు కూడా అమ్ముడుపోలేదు. రెండు తలుపుల్లోంచి నలుగురు పిల్లల్ని ఎక్కించి దింపే ఓపిక ఎవరికుంది? ఇప్పుడు మాత్రం వేగన్లు పోగుచేసేవాళ్ళకి అదంటే ప్రాణం. వేలల్లో లక్షల్లో తిరిగిన నాలుగు తలుపుల వేగన్లో? పిల్లలు పాలొలికించి, కుక్క సీటు చింపి, ఉప్పు చల్లిన మంచు రోడ్లమీద అడుగు తుప్పుపట్టి, అరిగి అరిగి పోయాయి. మిగిలినవాటి ముందుభాగాలు వూడదీసి అందమైన కార్లకి అతికించుకున్నారు. పెద్దగా గట్టిగా వుంటాయని, కార్లని కార్లతో గుద్దించే పందాల్లోకి కూడా తోశారు. 1983 చివర్లో క్రైస్లర్ కంపెనీ మినీవాన్ తెచ్చాక ఇల్లాళ్ళు అటు మళ్ళారు. 1996తో అమెరికన్ పెద్ద వేగన్లు ఆగిపోయాయి. మన అంబాసిడర్ 2014దాకా బతికింది, నయం!

షెడ్డు చివర, మిగతావాటికి దూరంగా 1972 ప్లిమత్ ఒకటుంది. పక్కన అతికించిన కర్రబొమ్మ ఎండకి పొట్టు లేచింది. సొట్టలు అలాగే వున్నాయి. "దీన్ని బాగుచెయ్యలేదేం?" అన్నాను. "ఇది నా భార్యది" అన్నాడు. ఆవిడ పోయి ఆరేళ్ళు. బళ్ళో టీచరు. సొంత జీతంమీద అప్పు తీసుకుని ఈ కారు కొందామని బ్యాంకుకి వెళితే, భర్త సంతకం కావాలన్నారట. అప్పట్లో అక్కడది మామూలు. భర్త సంతకం లేకుండా స్త్రీకి అప్పివ్వనంటే కుదరదని చట్టం 1974లో గాని రాలేదు. "నడిపింది తను, వాయిదాలు కట్టింది తను, కడిగింది తను. కాగితంమీద పేరు నాది. ఆ రోజు బ్యాంకునుంచి యింటిదాకా నాతో మాటాడలేదు. సొట్టలన్నీ తను పెట్టినవే. ఏది ఎక్కడ తగిలిందో నాకు తెలుసు" అన్నాడు.

నోమాడ్‌కి కొనేవాళ్ళు వారానికొకరు ఫోను చేస్తున్నారట. కర్ర ఫోర్డ్‌ని పెద్దకొడుకు తీసుకుంటానన్నాడు. ప్లిమత్ ఎవరికీ అక్కర్లేదు. నలుగురు పిల్లలూ అందులోనే పెరిగారు, కానీ ఒకరికి చోటులేదు, ఒకరికి తీరికలేదు. నేనేమీ అనలేకపోయాను. "స్థలం కలిసొచ్చింది" అన్న నా గొంతు నాకే వినిపిస్తూ వుంటే ఏమంటాను?

మర్నాడు తాతగారు కూరల షాపుకి వెళుతూ మమ్మల్నీ ఎక్కమన్నాడు. ప్లిమత్‌లోనే. మూడో సీటు వెనక్కి తిరిగి వుంటుంది. పిల్లలు పోయేదారి కాక, వచ్చినదారి చూస్తూ కూర్చునేవారన్నమాట. నేనూ అక్కయ్యా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అందులో ఇరుక్కున్నాం. వెనక కార్లో ఒక పసివాడు మమ్మల్ని చూసి చెయ్యి వూపాడు. మేమూ వూపాం. మా మధ్య సీటు కుట్టు విడిపోయిన చోట ఎవరో చిన్నప్పుడు తోసిన పెన్సిలు ముక్క తగిలింది. తియ్యబోయి, మళ్ళీ అక్కడే వుంచేశాను.

రాత్రి అమ్మకి ఫోను చేసి ఇదంతా చెప్పాను. రాయల్ గురించీ ష్లూంఫ్‌ల గురించీ "ఆహా, ఆహా" అంటూ వింది. ప్లిమత్ గురించి చెప్పాక కాసేపు మాటాడలేదు. తర్వాత, "మన కారు డిక్కీ తాళంచెవి నా దగ్గరే వుందే. పోపులపెట్టెలో పడేశాను. ఆ యినుపసామాను వాడు అడిగితే దొరకలేదని చెప్పాను" అంది.